కాపలాకు తాళం

ఎక్కడికి వెళ్ళినా ముందు మనం చూసేది, లోపల మనవాళ్ళెవరైనా ఉన్నారా అని. ఆస్పత్రిలో మంచానికైనా, బడిలో సీటుకైనా, ఆఖరికి దేవుడి దర్శనానికైనా అంతే. లోపల మనమనిషి ఉన్నాడని తెలిస్తే చాలు, సగం పని అయిపోయినట్టే గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోతాం. కాకినాడలో షామియానాలూ కుర్చీలూ అద్దెకిచ్చే వీర్రాజుకు లివరు జబ్బు ముదిరినప్పుడు, లోపల ఉన్నది పరాయి మనిషి కాదు, తోడబుట్టిన అక్క. పైగా ఆ జబ్బుకు కొత్త మందు తయారు చేసిన చేతుల్లో రెండు ఆవిడవే. ఇంకేం కావాలి!

ఆవిడ పేరు హైమవతి. డాక్టరు చదువు చదివి, రోగుల్ని చూడకుండా ప్రయోగశాలలో పడిపోయింది. తల్లి పోయేనాటికి వీర్రాజు నిక్కర్లేసుకుని తిరిగేవాడు. అప్పట్నుంచీ వాడికి తల్లీ తండ్రీ అన్నీ తనే. ఎవరైనా పెళ్ళి ఊసెత్తితే, "మా తమ్ముడూ, మా ఎలకలూ ఒప్పుకుంటే చూద్దాం లెండి" అని నవ్వేసేది.

వీర్రాజుకు ఈ జబ్బు ఎలా అంటుకుందంటే, సామర్లకోట రోడ్డులో కుర్చీల లోడుతో వ్యాను తిరగబడి ఒంట్లో నెత్తురంతా పోయింది. ఎక్కించిన నెత్తుటితో పాటు హెపటైటిస్ సి కూడా ఎక్కింది. ఒకప్పుడైతే అది పెద్ద విషయం కాదు, కొన్ని వారాలు మాత్రలు మింగితే పోయేది. అప్పటికి ఆ వైరస్ బాగా తెలివి మీరింది. ఏ మాత్రకూ లొంగని రకం ఒకటి పుట్టి, తీరం వెంబడి ఊళ్ళకు ఊళ్ళను పట్టుకుంది. లివరు గట్టిపడి, కళ్ళు పచ్చబడి, పొట్టలో నీరు చేరి మనుషులు పోతుంటే డాక్టర్లు చేతులెత్తేశారు.

ఎత్తనివారు సోమయాజులుగారొక్కరే. హైమవతి పనిచేసే పరిశోధన కేంద్రానికి ఆయన పెద్ద. మనిషి సన్నగా ఉంటారు, మాట మెత్తన, పట్టు మాత్రం ఉడుంపట్టు. "వైరస్‌ని కొట్టబోతే అది వేషం మార్చేస్తోంది. దాని జోలి వదిలేసి, అది దేన్ని పట్టుకుని బతుకుతోందో దాన్ని లాగేద్దాం" అన్నారాయన. ఆ ఒక్క మాట పట్టుకుని హైమవతి ఏళ్ళ తరబడి ఎలకల గదిలో కూర్చుంది.

ఆ మందు సంగతి తమ్ముడికి వాడి గోడౌన్లోనే చెప్పింది. పేర్చిన కుర్చీల మధ్య ఒక కుర్చీ లాక్కుని కూర్చుని, "లివరు కణాల్లో మైక్రో ఆర్ఎన్ఏ అని పిసరంత దారప్పోగులుంటాయిరా" అని మొదలుపెట్టింది. "వాటిల్లో నూట ఇరవై రెండో నంబరుది అసలైన కాపలావాడు. ఏ కణం ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు ఆగాలి, కొవ్వు ఎంతుండాలి, అన్నీ వాడి అదుపులో ఉంటాయి. ఈ వైరస్ లోపలికి దూరి ఆ కాపలావాణ్ణే వాటేసుకుని కూర్చుంటుంది. వాడి అండ లేకపోతే దాన్ని కణం కొరికి పారేస్తుంది."

"అయితే ఆ కాపలావాడికి తాళం వేసేస్తారన్నమాట."

"అంతే. ఒక్క సూది. జీవితానికి ఒక్కటే. వైరస్ దిక్కులేక చస్తుంది."

వీర్రాజు బుర్ర గోక్కున్నాడు. "దొంగ పోతాడు, బానే ఉంది. మరి ఇల్లెవరు చూస్తారే అక్కాయ్?"

"పూర్తిగా వేసెయ్యంరా. మూడొంతులు మూసి, ఒక వంతు వదిలేస్తాం. ఇంటికి ఆ వంతు చాలు. అసలు కాపలా లేకుండా చేసిన ఎలకలకి లివర్లో గడ్డలొచ్చాయి. ఒక వంతు ఉంచినవాటికి ఏమీ కాలేదు."

"ఎలకలకి కాలేదు కదా, ఇక మనకేం ఢోకా లేదు" అని వాడు పెద్దగా నవ్వాడు. నవ్వితే డొక్కలో నొప్పి వచ్చి చెయ్యి అక్కడ పెట్టుకున్నాడు. అది చూసి హైమవతికి ప్రాణం ఉసూరుమంది.

టీ గ్లాసులు పట్టుకొచ్చిన వాడి భార్య సుభాషిణి ఊరుకోలేదు. "వదినా, ఈ ప్రయోగంలో సగంమందికి మందూ, సగంమందికి ఉత్త నీళ్ళూ ఎక్కిస్తారంటగా? ఆయనకి నీళ్ళు పడకుండా మీరే చూడాలి."

"పిచ్చిదానా, మన అక్కాయి లోపలుండగా మనకి నీళ్ళు పడతాయేంటే!" అన్నాడు వీర్రాజు.

"అలా చూడకూడదు సుభా. ఎవరికేది పడుతుందో కంప్యూటరు తేలుస్తుంది. మాకెవరికీ తెలీదు" అంది హైమవతి. తెలీదన్న మాట నిజమే. తలుచుకుంటే తెలుసుకోలేనిది మాత్రం కాదు.

సీసాలన్నీ నల్లకాగితం చుట్టి చల్లగదిలో ట్రేలలో పెట్టి ఉన్నాయి. పైన నంబరు తప్ప ఏమీ ఉండదు. అయితే ఆ మందు సన్నని కొవ్వు బిందువుల్లో పొదిగింది, వెలుతురుకు పెడితే పల్చగా నీలం తిరుగుతుంది. ఆ నీలాన్ని హైమవతికన్నా ఎక్కువసార్లు చూసినవాళ్ళు భూమ్మీద లేరు. అందరూ భోజనాలకు వెళ్ళిన వేళ చల్లగదిలోకి వెళ్ళింది. ఊరికే చూద్దామనే వెళ్ళింది. చూసినంత మాత్రాన పోయేదేముందనుకుంది. తమ్ముడి నంబరున్న సీసా కాగితం అంచు కొద్దిగా పైకి లేపి దీపానికి పెట్టింది. కుళాయి నీళ్ళలా తేటగా ఉంది.

పక్కనున్న సీసా కాగితం లేపింది. నీలంగా ఉంది. రెండింటి మీది నంబర్లూ గోటితో పీకి, ఒకదాని మీదిది ఇంకోదాని మీద అంటించింది. అంతే, అయిపోయింది. ఆ రెండో సీసా ఎవరిదో ఆవిడ ఆలోచించలేదు. అది ఒక నంబరు, అంతకుమించి ఇంకేమీ కాదు.

సూదులు వేసిన రోజున ఆ నంబరుకు ఒక మనిషి ఉందని తెలిసింది. వీర్రాజు పక్క మంచం మీద, ఆ నంబరు చీటీ పట్టుకుని, ఏటిమొగ నుంచి వచ్చిన నూకరత్నం కూర్చుని ఉంది. ఎండుచేపలమ్ముకునే మనిషి, బొటనవేలి గోళ్ళ దాకా పచ్చబడిపోయి ఉంది. జబ్బు మనిషి నోట్లో ఇంత సందడి ఎక్కణ్ణుంచి వచ్చిందో గాని, వార్డంతా ఆవిడ గొంతే.

"బాబూ, ఈ సూదేయించుకుంటే మల్లీ కూడు సయిస్తదంటావా? నాకైతే రొయ్యపొట్టు వాసనొత్తే వాంతొత్తంది. నా యాపారమే అది. ఏం సేసి సావను?"

"సయిస్తది పిన్నీ. మా అక్కాయి చేసిన మందిది. నెల తిరక్కుండా నువ్వే నాకు పులస పులుసు పంపిస్తావు, చూసుకో."

"మీ అక్కా ఈయమ్మ? తల్లీ, నీ కడుపు సల్లగుండ" అని నూకరత్నం హైమవతి చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. కడుపే పండని మనిషికి ఆ దీవెన ఎందుకో గాని, ఆ చెయ్యి లాక్కోడానికి మాత్రం హైమవతికి చేతకాలేదు.

నెల తిరిగేసరికి వీర్రాజు రక్తంలో వైరస్ జాడ లేదు. మొహం తేటపడింది, ఆకలి పుట్టింది. ఇడ్లీలకు వెళ్ళినవాడు దోసెలు కూడా లాగించి వచ్చేవాడు. ఆ మాఘమాసమంతా కాకినాడలో ఏ పెళ్ళిపందిరి చూసినా వాడిదే. కూతురికి పెళ్ళి చేశాడు, మనవరాలిని ఎత్తుకున్నాడు. ఆ ఏళ్ళలో వాడి నవ్వు చూసినప్పుడల్లా హైమవతికి, తను చేసింది తప్పయితే అవనీ అనిపించేది. దొరికితే ఉరి తీయమనండి, వాడైతే బతికాడు కదా!

నూకరత్నం మాత్రం తనిఖీకి వచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం వంగిపోయి వచ్చేది. ఆవిడ కాళ్ళు వాచాయి. పొట్ట కడవలా అయ్యి, నీరు తీయించుకోవలసి వచ్చేది. వరండాలో ఆవిడ గొంతు వినబడితే హైమవతి ఎలకల గదిలోకి తప్పుకునేది. ఎవరికి మందు పడిందో ఎవరికి నీళ్ళు పడ్డాయో ఆ గుట్టు ప్రయోగం ముగిసేదాకా విప్పరు. ఆ గుట్టు తెలిసిన మనిషి ఎలకల మధ్య తలదాచుకుంది.

ఆరో ఏడు మొదట్లో, సూదులు వేయించుకున్నవాళ్ళలో ఒకాయనకు లివర్లో గడ్డ తేలింది. అది క్యాన్సరే. ముసలాయన, తాగుడలవాటున్నవాడు, అందుకే అన్నారు. తర్వాత ఒక స్కూలు టీచరుకు తేలింది. ఆవిడ చుక్క ముట్టింది లేదు. హైమవతికి ఎందుకో మనసు కీడు శంకించింది. తమ్ముణ్ణి పిలిపించి స్కానింగు చేయించింది. "పెళ్ళిళ్ళ సీజన్లో ఏం పనే ఇది, బాగానే ఉన్నానుగా" అని వాడు విసుక్కుంటూ పడుకున్నాడు. తెరమీద నిమ్మకాయంత గడ్డ కనబడింది, పక్కన ఇంకో రెండు.

వాడి రక్తం తనే తీసుకుని తనే యంత్రంలో పెట్టింది. లివరు నుంచి నూట ఇరవై రెండు కాస్తో కూస్తో రక్తంలోకి కారుతూ ఉంటుంది, దాన్నిబట్టి లోపల ఎంతుందో చెప్పొచ్చు. మొదట్లో వాడి రక్తంలో ఒక వంతు ఉండేది, అనుకున్నట్టే. ఇప్పుడు గీత నేలకు అతుక్కుపోయింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ అంతే. ఎలకల బతుకెంత, రెండేళ్ళు. వాటి ఒంట్లో ఆ తాళం వేసినచోట ఆగింది. మనిషి ఒంట్లో మాత్రం అది ఆగలేదు, ఏటికేడు ఇంకాస్త బిగుసుకుంటూ పోయి, వదిలిపెట్టామనుకున్న ఆ ఒక్క వంతునూ మింగేసింది. ఆ తాళం తియ్యడానికి తాళంచెవంటూ ఎవరూ చెయ్యలేదు. ఆ అవసరం వస్తుందని ఎవరనుకున్నారు?

హైమవతి ఆ యంత్రం ముందే కూలబడి, నోట్లో చీర కొంగు కుక్కుకుని ఏడ్చింది.

ఇంతలో ప్రయోగం గడువు ముగిసి గుట్టు విప్పారు. సోమయాజులుగారు తన గదికి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి మరీ చెప్పారు.

"క్యాన్సరు వచ్చినవాళ్ళు ముగ్గురమ్మా. ఇద్దరు మందు తీసుకున్నవాళ్ళు, ఒకరు నీళ్ళు తీసుకున్నవారు. అంటే మందు తప్పేం లేదు. ఈ జబ్బు ముదిరితే గడ్డలు రావడం కొత్తా? నీళ్ళు పడింది మీ తమ్ముడికి. చాలా దురదృష్టం, నాకు మాటలు రావడం లేదు. కాని ఒకటి చెప్తాను, ఆయన పుణ్యమా అని మందు మీద నింద తొలగిపోయింది."

"వాడి రక్తంలో వైరస్ పోయింది కదండీ. నీళ్ళతో ఎలా పోతుంది?"

"కొందరికి దానంతటదే పోతుంది, నీకు తెలియనిదా? ఆ ఏటిమొగావిడకు మందు పడీ పని చెయ్యలేదు. అలాంటివాళ్ళు ఒకరిద్దరు ప్రతి ప్రయోగంలోనూ ఉంటారు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పైనుంచి అనుమతి వచ్చేసింది. ఇక తీరమంతా శిబిరాలే. ఎన్ని వేలమంది ఎదురు చూస్తున్నారో!"

హైమవతి ఆ రోజు నోరు విప్పలేకపోయింది. విప్పాలంటే ముందు చెప్పుకోవలసిన మనిషి ఇంకొకడున్నాడు.

వీర్రాజు మేడమీద మడతమంచం వేసుకుని ఎండలో పడుకుని ఉన్నాడు. మనిషి సగమైపోయాడు. సుభాషిణి కింద చారు కాస్తోంది, తాలింపు వాసన పైదాకా వస్తోంది. హైమవతి మంచం పట్టె మీద కూర్చుని, ఎక్కడా దాచకుండా మొత్తం చెప్పేసింది. కంప్యూటరు వాడికి రాసింది నీళ్ళేనని, తను సీసా మార్చిందని, ఆ మందే ఇప్పుడు వాణ్ణి తినేస్తోందని.

"నిన్నెవరు మార్చమన్నారే?" అన్నాడు వీర్రాజు. గొంతులో వాడెప్పుడూ అక్కమీద చూపించని కోపం ఉంది. ఆ కోపం ఎక్కువసేపు నిలబడలేదు. "ఎవరో ఏంటి, మేమే కదా అడిగింది. నేనే నవ్వుకుంటూ అన్నాను కూడాను."

"అడిగినా నేను చెయ్యకూడదురా. పెద్దదాన్ని, చదువుకున్నదాన్ని. నా చేతులు విరిగిపోనూ!"

"ఊరుకో. సుభాషిణి చెవిన మాత్రం వెయ్యకు. నీళ్ళు పడకుండా చూడమన్నది అదే కదా, తెలిస్తే బతకదు." వాడు అటు తిరిగి పడుకుని, కాసేపయ్యాక మళ్ళీ ఇటు తిరిగాడు. "ఆ మందు ఇంకా ఎంతమందికేస్తారు?"

"అందరికీనూ."

"అయితే వెళ్ళి చెప్పవే. నన్ను చూపించి చెప్పు. నా చావుతోనైనా అది ఆగాలి అక్కాయ్. లేకపోతే ఎందుకిదంతా?"

ఆ మాటతో హైమవతికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. ఉద్యోగం పోతుంది, జైలు కూడా రావచ్చు, పోతే పోనీ. మర్నాడు పొద్దున్నే సోమయాజులుగారి ముందు నిలబడి, చల్లగది దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా కక్కేసింది. ఆయన అరుస్తారనుకుంది, పోలీసుల్ని పిలుస్తారనుకుంది. ఆయన అరవలేదు. తలుపు మూసి వచ్చి కూర్చున్నారు.

"ఎంత పని చేశావమ్మా" అన్నారు చివరికి.

"నన్నేమైనా చెయ్యండి. లెక్క మాత్రం సరిచెయ్యండి. ముగ్గురికి ముగ్గురూ మందు తీసుకున్నవాళ్ళే. నీళ్ళవాళ్ళలో ఒక్కరికీ రాలేదు. ఆ మందు ఆపాలండీ."

"మీ తమ్ముడికి మందు పడిందనడానికి ఋజువేమిటి?"

"వాడి రక్తంలో నూట ఇరవై రెండు లేదు. బొత్తిగా లేదు."

"గడ్డ పుట్టిన లివర్లో అది ఎలాగూ పడిపోతుంది. ఈ మాట ఎవరైనా అంటారు, నువ్వైనా అంటావు. ఇక మిగిలింది నీ మాట. తమ్ముడి కోసం సీసా మార్చిన మనిషి మాట." ఆయన గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "నియమం ఏం చెబుతోందో నీకూ తెలుసు. సీసాలు తారుమారైతే ఆ ఇద్దర్నీ లెక్కలోంచి తీసెయ్యాలి. తీసేస్తాను."

"తీసేస్తే?"

"ఇద్దరు మిగులుతారు. ఇంతమందిలో ఇద్దరంటే కాకతాళీయం కింద పోతుంది."

"మరి మా తమ్ముడు?"

"అతను ఉండడు."

"వాడింకా బతికే ఉన్నాడండీ!" అని హైమవతి అరిచింది.

"లెక్కలో అన్నానమ్మా" అన్నారాయన. అని, తల దించుకున్నారు. "అక్కడ రోజూ మనుషులు చచ్చిపోతున్నారు. నీ అనుమానం నిజమే అనుకుందాం, ఆ గడ్డ రావడానికి ఏళ్ళు పడుతుంది, అదీ కొందరికే. ఇప్పుడు ఆపితే వాళ్ళంతా ఈ ఏడే పోతారు. నేను ఆపలేను. నువ్వు బయట నోరు జారితే జైలుకెళ్తావు, మందూ ఆగదు. ఇంటికెళ్ళి తమ్ముణ్ణి చూసుకో."

ఆవిడ ఊరుకోలేదు పాపం. పై అధికారులకు ఫోన్లు చేసింది, తెలిసిన డాక్టర్ల ఇళ్ళ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. తమ్ముడు మంచాన పడ్డాక మతి చలించింది పాపం అని వాళ్ళు కాఫీలిచ్చి పంపించారు. ఆవిడ ఉద్యోగం కూడా పోలేదు. తీసేస్తే ఎందుకు తీశారని అడుగుతారు కదా!

వీర్రాజుకు ఆఖరి రోజుల్లో తెలివి వచ్చీపోతూ ఉండేది. ఒక మధ్యాహ్నం కళ్ళు తెరిచి, అక్కను గుర్తుపట్టి, "ఆపేశారా?" అన్నాడు.

"ఆపేశార్రా."

"నన్ను చూపించావా?"

"చూపించాను. నిన్ను చూసే ఆపేశారు."

వాడి మొహంలో పాత నవ్వు కొద్దిగా మెదిలింది. షామియానా విప్పేటప్పుడు కుర్రాళ్ళతో చెప్పినట్టు, "జాగ్రత్తగా దింపండి" అని గొణిగాడు. అవే ఆఖరి మాటలు. హైమవతి అబద్ధమాడిన నోటితోనే వాడి చెవిలో నారాయణ మంత్రం చెప్పింది.

పెద్దకర్మ అయిన వారానికి ఏటిమొగలో శిబిరం పెట్టారు. బడి ఆవరణలో బల్లలు వేసి, నర్సులు సూదులు సర్దుకుని కూర్చున్నారు. జనం బళ్ళ మీదా, ఆటోల్లోనూ, కొందరు మంచాల మీదా వచ్చారు. హైమవతి కూడా వెళ్ళింది. అధికారులు వినకపోతే పోయారు, వేయించుకునేవాళ్ళకే నేరుగా చెబుదామని వెళ్ళింది. గేటు దగ్గరున్నవాళ్ళు ఆవిడను గుర్తుపట్టి, మందు కనిపెట్టిన మేడమ్ వచ్చారని దారిచ్చారు.

ముందు వరసలో నూకరత్నం ఉంది. చిక్కి శల్యమై, పొట్ట ఒక్కటే మిగిలినట్టుంది. హైమవతిని చూడగానే ఆ మొహం విప్పారింది.

"అమ్మా, వొచ్చేవా! తమ్ముడుగారు పోయేరంటగా, మా వోళ్ళు సెప్పేరు. దేవుడికి కళ్ళు లేవమ్మా. నా పక్కనే కూకుని ఎంత నవ్వించేడు!"

హైమవతి ఆవిణ్ణి పక్కకు, మెట్ల మీదకు తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. "నూకరత్నం, నేను చెప్పేది విను. ఈ సూది వేయించుకోకు. నా తమ్ముణ్ణి చంపింది ఈ మందే."

"మీ తమ్ముడికి పడింది నీళ్ళంట కదమ్మా. ఆసుపత్రోళ్ళే సెప్పేరు. నాకు మందేసినా పన్జెయ్యలేదంట, మల్లీ ఏయించుకోమన్నారు."

"కాదు. ఆ రోజు సీసాలు నేనే మార్చాను. నీకు రావలసిన మందు మావాడికి పెట్టాను. నీకు నీళ్ళు పెట్టాను. ఆ మందు వల్లే వాడికి క్యాన్సరొచ్చింది. నువ్వు తప్పించుకున్నావు. ఇప్పుడు మళ్ళీ దాని నోట్లో తల పెట్టకు, నీకు దణ్ణం పెడతాను."

ఈ మాట చెబితే ఆవిడ బతికిపోయినందుకు సంతోషిస్తుందని హైమవతి అనుకుంది కాబోలు. నూకరత్నం పచ్చని కళ్ళు ముందు తెల్లబోయాయి, తర్వాత ఎర్రబడ్డాయి.

"తప్పించుకున్నానా? నేను తప్పించుకున్నానా?" అంది. గొంతు లేవడం లేదు, గుసగుసలాగే వస్తోంది. "మీ తమ్ముడు ఆరేళ్ళు తిన్నాడు, తిరిగేడు. కూతురి పెళ్ళి సేసేడు, మనవరాల్ని ఎత్తుకున్నాడు. ఆ ఆరేళ్ళూ ఎవరియ్యమ్మా? నాయి. నేనేం సేసేను? వారం వారం పొట్టలో నీళ్ళు తీయించుకున్నాను. యాపారం పోయింది. నా కూతురి పెళ్ళికి పీటల మీద కూకోలేక సాప మీద పడుకుని సూసేను. అక్కడికీ, మందు మంచిదే, నా కరమే బాలేదనుకున్నాను. నిన్ను తలుసుకుని రోజూ దణ్ణం పెట్టుకున్నానే!"

"నూకరత్నం..."

"మాటాడకు. అప్పుడు మీవోడి కోసం నా నోటికాడ కూడు లాక్కున్నావు. ఇప్పుడు నా అంతట నేనొత్తే మల్లీ అడ్డం పడతన్నావు. గెడ్డొత్తే ఎప్పుడొస్తది, ఆరేళ్ళకా? రానీ. నాకు సంక్రాంతి దాటదన్నాడు డాక్టరు. ఆరేళ్ళంటే నాకు రాజ్జెం!"

ఎలకల గదిలో తలదాచుకున్న ఇన్నాళ్ళూ, హైమవతి ఈ మనిషి దగ్గర ఒక సీసా మాత్రమే తీసుకున్నాననుకుంది. ఆ సీసాలో ఏముందో ఆవిడకు ఇప్పుడు తెలిసింది.

నూకరత్నం గోడ పట్టుకుని లేచింది. హైమవతి జబ్బ కూడా పట్టుకుని బల్ల దగ్గరకు నడిపించింది, అంత బలం ఎక్కడిదో మరి. "నువ్వే ఎయ్యాలి. ఇంకెవరినీ నమ్మను. నా మందు నాకు నీ సేత్తోనే ఎయ్యి" అని బల్ల మీద చెయ్యి చాపింది. ఎండిపోయిన చెయ్యి, ఎముకకు తోలంటుకుని ఉంది. నర్సు సూది సిద్ధం చేసి హైమవతికి అందించింది, మేడమ్ సరదాపడి మొదటి సూది వేస్తున్నారనుకుని.

కాదని చెప్పడానికి హైమవతి దగ్గర ఏముంది? ఆవిడ సూది అందుకుంది. దూదితో ఆ జబ్బ తుడిచింది. వేసేసింది.

నూకరత్నం కళ్ళు మూసుకుని, ఊపిరి వదిలి, మళ్ళీ తెరిచింది. పైట సర్దుకుని, వెనక నిలబడ్డ జనం వైపు తిరిగింది. ఆవిడకు ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో గాని, ఆవరణంతా వినబడింది.

"ఏటలా సూత్తారు? రండి! మందు కనిపెట్టినమ్మే సొయంగా ఏస్తంది. నొప్పెట్టలేదు."

అవతలి బల్లల దగ్గర నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే ఆ వరసలు వదిలేసి, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ, హైమవతి ముందుకు వచ్చి నిలబడటం మొదలుపెట్టారు.